‘అదంతా మీ సీపీ వల్లే’ అనకముందే: పెద్దయ్యాక డాక్టర్ దగ్గరికి ఎలా వెళ్లాలి

మెడ నొప్పి అని వెళ్తే సీపీ అంటారు. నిద్ర పట్టడం లేదంటే సీపీ. చెయ్యి తిమ్మిరెక్కుతోందన్నా సీపీయే. నాకు నలభై దాటాయి. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ (సీపీ) ఉంది. మెడా చేతులూ వాటంతటవే మెలికలు తిరిగే రకం, దానికి తోడు కాళ్లలో బిగుతు. మాట ముద్దగా వస్తుంది. ఇంట్లో వాకర్, బయట వీల్‌చైర్. చిన్నప్పుడు నన్ను చూసే డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు చాలామందే ఉండేవారు. పద్దెనిమిదేళ్లు నిండాక పిల్లల విభాగం తలుపు మూసుకుంది. పెద్దల విభాగంలో మాకంటూ తలుపే లేదు. ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఏం చెప్పాలి, వాళ్లు తేలిగ్గా తీసిపారేస్తే ఏమనాలి అన్నవి తర్వాత మెల్లగా తెలిసొచ్చాయి. సీపీతో పెద్దవాళ్లయినవాళ్లకీ, వాళ్ల వెంట వెళ్లేవాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను.

ఒక్క విషయం ముందే గట్టిగా పట్టుకోండి. సీపీ అంటే మెదడు ఎదిగే దశలో దానికి తగిలిన దెబ్బ. ఆ దెబ్బ పెరగదు. 2007లో అచ్చయిన అంతర్జాతీయ నిర్వచనం కూడా అదే చెబుతుంది. పెరగనిది మెదడులోని దెబ్బ. శరీరం మాత్రం ఏళ్ల తరబడి వంకరగా బరువు మోసి, బిగుసుకుని అలసిపోతూ ఉంటుంది. కాబట్టి పోయినేడు చేసిన పని ఈ ఏడు చేయలేకపోతుంటే ‘సీపీ కదా’ అనేసి ఊరుకోవడం కుదరదు. దెబ్బ అలాగే ఉంది. మరి మారిందేమిటి? కీలు అరిగిందా, నరం నొక్కుకుపోతోందా, మందు పడట్లేదా, ఇన్ఫెక్షనా, సీపీతో సంబంధమే లేని కొత్త జబ్బా? వెతకాలి. డాక్టర్ చేత వెతికించడమే మన పని.

డాక్టర్లందరూ చెడ్డవాళ్లని నేననను. వాళ్లకి చదువులోనే ఇది పిల్లల జబ్బుగా తారసపడింది. 1861లో విలియం జాన్ లిటిల్ అనే ఇంగ్లీషు డాక్టర్ దీన్ని వర్ణించింది పిల్లల్లో. కదలికల స్థాయిని ఒకటి నుంచి ఐదు దాకా కొలిచే జీఎంఎఫ్‌సీఎస్ 1997లో వచ్చింది, అదీ పిల్లల కోసమే. 2007లో సవరించినప్పుడు కూడా 18 ఏళ్ల దాకానే పొడిగించారు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ సీపీ ఉన్న పెద్దవాళ్ల కోసం విడిగా మార్గదర్శకాలు ఇచ్చేసరికి 2019 వచ్చింది. అందుకే పెద్దల డాక్టర్‌కి మనల్ని చూస్తే సగం తెలియనితనం, సగం తడబాటు. ఆ ఖాళీని మనం నింపి ఇవ్వాలి.

ఎవరి దగ్గరికి

సీపీకని పెద్దల స్పెషలిస్టు ఎక్కడో గానీ దొరకరు. నా సలహా: అన్నిటికీ మొదట వెళ్లే జనరల్ డాక్టర్ ఒకరిని స్థిరంగా పెట్టుకోండి. జ్వరానికైనా, జలుబుకైనా వారి దగ్గరికే వెళ్లండి. మీరు బాగున్నప్పుడు ఎలా ఉంటారో చూసిన డాక్టర్‌కే మీరు బాగా లేనప్పుడు తేడా తెలుస్తుంది. బిగుతుకి, నొప్పికి, నడకకి ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్ చదివిన డాక్టర్ ఉంటే అదృష్టమే. లేకపోతే న్యూరాలజిస్ట్, ఎముకల డాక్టర్. కానీ వీళ్లు ఒకరు రాసింది ఇంకొకరు చదవరు, అది జనరల్ డాక్టర్ దగ్గర ఒకచోట చేరాలి.

అపాయింట్‌మెంట్‌కి ఫోన్ చేసినప్పుడే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. నా మాట అర్థం కావడానికి టైం పడుతుంది, రెండు అపాయింట్‌మెంట్ల సమయం కలిపి ఇవ్వండి అని అడుగుతాను. పరీక్ష బల్ల ఎత్తు తగ్గుతుందా అని అడుగుతాను. వీల్‌చైర్ పట్టే టాయిలెట్ ఉందా అని అడుగుతాను. ఫోన్‌లో మాట అర్థం కాక పెట్టేసేవాళ్లు ఉంటారు కాబట్టి నేను మెసేజ్‌లో అడుగుతాను, అది కుదరకపోతే అక్క చేత చేయిస్తాను. రోజులో మొదటి అపాయింట్‌మెంట్ తీసుకోవడం మేలు. ఎక్కువసేపు వెయిటింగ్ హాల్లో కూర్చుంటే ఒళ్లు బిగుసుకుపోయి, లోపలికి వెళ్లేసరికి మాట ఇంకా ముద్దవుతుంది.

ఒక్క పేజీ

లావుపాటి ఫైలు మోసుకెళ్లడం నాకు నచ్చదు. దాన్ని ఎవరూ తెరవరు, పైగా దాన్ని చూడగానే డాక్టర్ ముఖంలో నీరసం వస్తుంది. ఫైలు సంచిలో ఉండనివ్వండి. చేతికి ఇచ్చేది ఒక్క పేజీ. పై సగంలో నేను మామూలుగా ఎలా ఉంటానో ఉంటుంది, కింది సగంలో ఇప్పుడు ఏం మారిందో. నా పేజీలో పై సగం ఇలా మొదలవుతుంది:

“నేను చెప్పేది మీకు అర్థం కాకపోతే మళ్లీ అడగండి, అర్థమైనట్టు తల ఊపకండి. మీరు చెప్పేది నాకు పూర్తిగా అర్థమవుతుంది. నా సంతకం నేనే చేస్తాను, టైం ఇవ్వండి. మామూలు రోజున వాకర్‌తో మంచం నుంచి బాత్రూమ్ దాకా వెళ్తాను. కుడిచేత్తో స్పూన్ పట్టుకుంటాను, ఫోన్‌లో టైప్ చేస్తాను. మూత్రం ఆపుకోగలను. మెత్తటివీ గట్టివీ అన్నీ తింటాను, పల్చటి నీళ్లకి మాత్రం అప్పుడప్పుడు పొలమారుతుంది. చేతులు కదలడం నాకు మామూలే, అది ఫిట్స్ కాదు. బీపీ ఎడమచేతికి తీయండి. తుంటిలో మెటల్ ప్లేటు ఉంది.”

దాని కింద మందులు, డోసు, రోజుకి ఎన్నిసార్లు, పడని మందులు, జరిగిన ఆపరేషన్లు సంవత్సరాలతో సహా.

కింది సగానికి వచ్చేసరికి చాలామంది ‘నొప్పి ఎక్కువగా ఉంది’ అని రాస్తారు. అది చాలదు. నొప్పి సీపీ ఉన్నవాళ్లలో చాలామందికి రోజూ ఉండేదే. 2012లో వచ్చిన ఒక పరిశోధనా సమీక్ష నలుగురిలో ముగ్గురికి ఉంటుందని తేల్చింది. అందుకే ‘నొప్పి’ అంటే డాక్టర్ చెవికి ఎక్కదు. పని పేరు చెప్పండి. ‘ఉగాది’కో ‘దీపావళి’కో అని గుర్తు పెట్టుకునే బదులు నెల రాయండి: “మార్చి దాకా చొక్కా గుండీలు కుడిచేత్తో పెట్టుకునేదాన్ని, జూన్ నుంచి పెట్టుకోలేకపోతున్నాను.” “రెండు నెలలుగా రాత్రి నొప్పికి మెలకువ వస్తోంది.” ఏ పని, ఎప్పటి దాకా చేశారు, ఎప్పటి నుంచి చేయలేకపోతున్నారు అన్న ఈ మూడూ ఉన్న వాక్యాన్ని పక్కకి నెట్టడం డాక్టర్‌కి కష్టం. మామూలు రోజున మీరు నడిచే తీరు, మాట్లాడే తీరు, స్పూన్ పట్టుకునే తీరు చిన్న వీడియోగా ఫోన్‌లో ఉంచుకుంటే ఇంకా మంచిది. ఒంట్లో బాగా లేక ఎమర్జెన్సీకి వెళ్లినప్పుడు, ‘ఈమె ఎప్పుడూ ఇంతేనా?’ అన్న ప్రశ్నకి అంతకంటే సూటి జవాబు ఉండదు.

గదిలో ఎవరు మాట్లాడాలి

డాక్టర్ నా వైపు చూసి, అక్కని అడుగుతారు: “ఈమెకి ఎక్కడ నొప్పి?” అక్కని ‘మీరు’ అని, నన్ను ‘నువ్వు’ అనేవాళ్లూ ఉన్నారు, అక్కకీ నాకూ రెండేళ్లే తేడా. ఇలాంటప్పుడు నేను కోప్పడితే నా చేతులు ఇంకా ఎగిరెగిరి పడతాయి, అందుకని కోపం అక్కకి అప్పగించాను. మేం లోపలికి వెళ్లేముందే ఒప్పందం చేసుకుంటాం. అక్క నా పక్కన కాకుండా కాస్త వెనక్కి కూర్చుంటుంది. ప్రశ్న తన వైపు వస్తే “తననే అడగండి డాక్టర్ గారూ, చెబుతుంది” అని నోట్‌బుక్‌లోకి తల దించేస్తుంది. డాక్టర్‌కి నా మాట రెండోసారి కూడా అర్థం కాకపోతే నేను అక్క వైపు చూస్తాను, అప్పుడు అక్క నేనన్నదాన్నే తిరిగి చెబుతుంది, తన అభిప్రాయం కలపదు. బట్టలు మార్చుకునేటప్పుడు, ఆడవాళ్ల సమస్యలు, దాంపత్యం, మనసు బాగోకపోవడం లాంటివి మాట్లాడేటప్పుడు అక్క బయటికి వెళ్తుంది. బయటికి వెళ్లమని డాక్టరే అడగాలి, కానీ అడగరు. మనమే చెప్పాలి.

మాట అసలు రానివాళ్లు అవును, కాదు అన్నవాటికి తమ సైగలేమిటో పేజీ మొదటి లైన్లోనే రాయించుకోవాలి. ‘పైకి చూస్తే అవును, కళ్లు మూస్తే కాదు’ అన్నంత స్పష్టంగా. అక్షరాల బోర్డో, ట్యాబ్‌లో మాట్లాడే యాప్‌నో వాడేవాళ్లు చెప్పదలచుకున్నవి ఇంట్లోనే టైప్ చేసి పెట్టుకుంటే గదిలో టైం ప్రశ్నలకి మిగులుతుంది. పైన చెప్పిన 2012 సమీక్ష ప్రకారం సీపీ ఉన్నవాళ్లలో నలుగురిలో ఒకరు మాట్లాడలేరు. మేధోపరమైన వైకల్యం సుమారు సగం మందికి ఉంటుంది, మిగతా సగం మందికి ఉండదు. మాట చూసి తెలివిని అంచనా వేసే డాక్టర్‌కి ఈ రెండు అంకెలు నేను చాలాసార్లే వినిపించాను. మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్లని కూడా ‘ఇక్కడ నొప్పా, అక్కడా?’ అని వాళ్లనే అడగాలి. నొప్పి వాళ్లది.

పరీక్షలు చేయించుకునేటప్పుడు

చలికి కండరాలు బిగుస్తాయి. ఏసీ గదిలో రక్తం తీయబోతే నరం దొరకదు. దుప్పటి అడగండి, చెయ్యి వేడి చేశాక తీయమనండి. చెప్పకుండా ముట్టుకున్నా, పెద్ద చప్పుడైనా ఒళ్లంతా ఉలిక్కిపడటం మనలో చాలామందికి ఉంటుంది. అందుకే సూది గుచ్చేముందు ‘ఇప్పుడు గుచ్చుతున్నాను’ అని చెప్పమని నర్స్‌ని అడుగుతాను. బిగుసుకున్న చేతికి తీసిన బీపీని నమ్మకండి. కాస్త వదులుగా ఉన్న చేతికి, కుదురుకున్నాక తీయమనండి.

ఎమ్మారైలో కదలకుండా పడుకోమంటారు. కదలకుండా ఉండగలిగితే నేను ఇక్కడికి ఎందుకు వస్తాను? మత్తు ఇచ్చి తీస్తారా అని ముందే మాట్లాడుకోవాలి. మింగడంలో ఇబ్బంది, ఛాతీలో కఫం, గుండెల్లో మంట ఉంటే మత్తు డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి. మెటల్ ప్లేట్లు, బ్యాక్లోఫెన్ పంపు (బిగుతు తగ్గించే మందుని వెన్నులోకి పంపే, ఒంట్లో అమర్చిన యంత్రం) ఉంటే బుక్ చేసేటప్పుడే చెప్పాలి. పంపు ఉన్నవాళ్లు స్కాన్ అయ్యాక అది మళ్లీ పనిచేస్తోందో లేదో చెక్ చేయించుకోకుండా ఇంటికి రాకూడదు.

చాలామంది డాక్టర్లకి తట్టని సంగతి ఒకటి ఉంది. కిడ్నీల పనితీరుకి సాధారణంగా చూసేది క్రియాటినిన్. అది కండరం నుంచి వస్తుంది. మనలో కండ తక్కువగా ఉన్నవాళ్లకి కిడ్నీ దెబ్బతిన్నా క్రియాటినిన్ ‘నార్మల్’ గానే కనిపించవచ్చు. అనుమానం ఉంటే సిస్టాటిన్ సి పరీక్ష అడగండి, అది కండ మీద అంతగా ఆధారపడదు. బరువు కూడా అంతే, నిలబడలేనివాళ్లని ‘సుమారు ఎంత?’ అని అడిగి రాసేస్తారు. మందు డోసు ఆ అంకెను బట్టే ఉంటుంది. వీల్‌చైర్‌తో సహా తూచే కాటా లేకపోతే ఒకరు ఎత్తుకుని తూగి, తర్వాత వాళ్ల బరువు తీసేసినా సరే, అంకె నిజంది కావాలి.

నిలబడి నడవనివాళ్లకి ఎముకలు బోలు అవుతాయి. ఫిట్స్ మందులు కొన్ని విటమిన్ డి తగ్గించి ఆ బోలుతనాన్ని ఇంకా పెంచుతాయి. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్‌కి తుంటి కుదరకపోతే ముంజేతికో, మోకాలి పైనో తీయవచ్చు, ‘మీకు కుదరదు’ అని పంపేస్తే ఆ మాట గుర్తు చేయండి. గర్భాశయ ముఖద్వార పరీక్ష కూడా కాళ్లు పైకెత్తి కట్టే ఆ బల్ల మీదే జరగాలని లేదు, పక్కకి తిరిగి పడుకుని చేయించుకోవచ్చు. రొమ్ము ఎక్స్‌రే కూర్చుని తీయించుకోవచ్చు. ‘మీకు ఈ పరీక్షలెందుకు?’ అని ఒక చోట నన్నడిగారు. నాకు గర్భాశయం ఉంది కాబట్టి అన్నాను. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ కూడా అందరిలాగే చూపించుకోవాలి. సీపీ ఉన్న పెద్దవాళ్లకి గుండెజబ్బు, డిప్రెషన్ ముప్పు మిగతావాళ్లకంటే ఎక్కువేనని పరిశోధనలు చెబుతున్నాయి.

ఆగకూడనివి

చేతివేళ్లు మొద్దుబారడం, గుండీలు పెట్టుకోలేకపోవడం, నడక ఉన్నట్టుండి పాడవడం, మూత్రం ఆగకపోవడం లేదా రాకపోవడం. ఇవి కొత్తగా వస్తే మెడలో వెన్నుపాము నొక్కుకుపోతోందేమో చూడాలి. నాలాగా మెడ ఎప్పుడూ మెలికలు తిరిగే రకంలో మెడ డిస్కులు చిన్న వయసులోనే అరుగుతాయి, వెన్నుపాము దారి ఇరుకవుతుంది. నా చేతి తిమ్మిరిని ఒక డాక్టర్ సీపీ అన్నారు, మరొకరు వయసు అన్నారు. తర్వాత చూసినావిడ నా మోకాలి మీద సుత్తితో కొట్టి, పాత రిపోర్టుతో పోల్చి చూసి, మెడకి ఎమ్మారై రాశారు. దారి నిజంగానే ఇరుకైంది. ఆలస్యమైతే పోయిన బలం ఆపరేషన్ చేసినా తిరిగి రాకపోవచ్చు, అందుకే దీని గురించి ఇంత పట్టుబడుతున్నాను.

ఉన్నట్టుండి బిగుతు పెరిగితే మందు డోసు పెంచమని అడిగేముందు ఒళ్లంతా వెతకండి. యూరిన్ ఇన్ఫెక్షన్, మలబద్ధకం, పిరుదుల మీద ఒరిపిడి పుండు, లోపలికి పెరిగిన కాలిగోరు, బిగుతు చెప్పు, తెలియకుండా విరిగిన ఎముక, వీటిలో ఏదైనా బిగుతుని పెంచగలదు. నొప్పి ఎక్కడో సరిగ్గా చెప్పలేనివాళ్లలో శరీరం చెప్పే మాట అదొక్కటే కావచ్చు.

తిండి తినడానికి పట్టే టైం పెరుగుతూ పోతుంటే, దగ్గు వస్తుంటే, ఛాతీ ఇన్ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వస్తుంటే మింగే పరీక్ష చేయించాలి. తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుండవచ్చు. సీపీ ఉన్నవాళ్ల మరణాల్లో ఊపిరితిత్తుల సమస్యలదే పెద్ద వాటా.

మందుల్లో రెండు గుర్తుంచుకోండి. బ్యాక్లోఫెన్ ఒక్కసారిగా ఆపకూడదు. ఆపితే ఫిట్స్, భ్రమలు, జ్వరం రావచ్చు. పంపు ద్వారా వెళ్లేది ఆగిపోతే ప్రాణానికే ముప్పు. బిగుతు విపరీతంగా పెరిగి, ఒళ్లు దురద, జ్వరం, అయోమయం మొదలైతే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లి మొదటి మాటగా ‘పంపు ఉంది’ అనాలి. హాస్పిటల్లో చేర్చుకున్నప్పుడు, నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదన్నప్పుడు, ఈ మందు చీటీలోంచి జారిపోతుంది, ప్రతి షిఫ్ట్‌లోనూ అడగండి. రెండోది: బిగుతు తగ్గించే టిజానిడిన్ వేసుకునేవాళ్లు సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకోకూడదు. బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. యూరిన్ ఇన్ఫెక్షన్‌కి తరచూ రాసే యాంటీబయాటిక్‌లలో అదొకటి. చీటీ రాసే డాక్టర్‌కి మీ బిగుతు మందు పేరు తెలియాలి.

వినకపోతే

గొడవ పడితే టెన్షన్ నాకే, బీపీ నాకే. ఒక ప్రశ్న మాత్రం అడుగుతాను, మాట ముద్దగా వచ్చినా నెమ్మదిగా చివరిదాకా అడుగుతాను: “సీపీ లేని మనిషి ఇదే బాధతో వస్తే మీరు ఏ పరీక్ష రాస్తారు?” చాలామంది ఒక్క క్షణం ఆగుతారు. ఆ తర్వాత పెన్ను తీస్తారు. తీయకపోతే, “పరీక్ష అవసరం లేదని, ఎందుకు లేదో కారణంతో సహా కేస్ షీట్‌లో రాయండి” అంటాను. ఇది కూడా కాగితం మీద రాసిపెట్టుకుని వెళ్తాను, ఎందుకంటే కోపంలో నా నోట్లోంచి ఒక్క అక్షరమూ సరిగ్గా రాదు. రెండూ పనిచేయకపోతే డాక్టర్‌ని మార్చడమే. అన్నిసార్లూ మార్చే వీలుండదని నాకు తెలుసు. అలాంటప్పుడు అదే హాస్పిటల్లో నర్స్‌నో, ఫిజియోథెరపిస్ట్‌నో పట్టుకోండి. ఒంటిని ముట్టుకుని చూసేది వాళ్లు, తేడా ముందు వాళ్లకే తెలుస్తుంది. వాళ్లు రాసిన నాలుగు లైన్లు డాక్టర్ చదువుతారు.

బయటికి వచ్చేముందు డాక్టర్ చెప్పింది నా మాటల్లో తిరిగి చెప్పి, సరేనా అని అడుగుతాను. రిపోర్టుల కాపీలు ఆ రోజే తీసుకుంటాను. ఇంటికొచ్చాక పేజీలో కొత్త మందు, కొత్త డోసు, చేసిన పరీక్ష చేర్చి, తేదీ వేసి మళ్లీ ప్రింట్ తీస్తాను. పాత పేజీలు పారేయను. వాటిని వరసగా పెట్టి చూస్తే ఏ పని ఎప్పుడు చేజారిందో తెలుస్తుంది. ఆ మెడ ఎమ్మారై రాసిన డాక్టర్ అడిగింది కూడా ఆ పాత పేజీలనే.